తిరిగి వచ్చిన పదో మనిషి

సమరయ, గలిలయ ప్రాంతాల సరిహద్దులో ఒక ఊరి దగ్గర పదిమంది కుష్ఠురోగులు యేసుకు ఎదురయ్యారు. అప్పట్లో నలుగురిలో కలవడానికి వీల్లేని జబ్బు కాబట్టి దూరంగానే నిలబడి, కరుణించమని కేకలు పెట్టారు. వెళ్లి యాజకులకు కనబడమన్నాడు ఆయన. వెళ్తుండగా దారిలోనే పదిమందికీ నయమైంది. తొమ్మిదిమంది ముందుకు సాగిపోయారు. ఒక్కడు మాత్రం తనకు నయమైందని చూసుకుని, వెనక్కి తిరిగి వచ్చి, యేసు పాదాల దగ్గర సాగిలపడి కృతజ్ఞత చెప్పుకున్నాడు. అతను సమరయుడు, అంటే యూదులు తమవాడని అనుకోని మనిషి. లూకా సువార్త 17వ అధ్యాయంలోని ఈ సంగతి తెలుగు సంఘాల్లో సండే స్కూలు పిల్లలు కూడా చెప్పగలరు.

ఇందులో మనం తరచుగా దాటిపోయే మాట ఒకటుంది. తిరిగి రాని తొమ్మిదిమందికి కూడా నయమైంది. కృతజ్ఞత చెప్పలేదని వాళ్ల ఆరోగ్యాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. మరి పదోవాడికి అదనంగా దక్కిందేమిటి? విశ్వాసులకు దీనికి తమదైన జవాబు ఉంది. పాతికేళ్లుగా మనస్తత్వ శాస్త్రవేత్తలు కూడా తరగతి గదుల్లో, ప్రయోగశాలల్లో, రోగుల మధ్య ఇలాంటి ప్రశ్ననే అడుగుతున్నారు. మేలు పొందడం వేరు, పొందానని గుర్తించడం వేరు. గుర్తించిన మనిషిలో ఏం మారుతుంది?

పదోవాడు మూడు పనులు చేశాడు. చూశాడు, తిరిగి వచ్చాడు, నోరు తెరిచి చెప్పాడు. శాస్త్రం ఇప్పటిదాకా తెలుసుకున్నదాన్ని కూడా ఈ మూడు మెట్ల మీదే పేర్చుకోవచ్చు.

చూడటం

'కృత' అంటే చేసినది, 'జ్ఞ' అంటే ఎరిగినవాడు. చేసిన మేలును ఎరిగి ఉండటమే కృతజ్ఞత. అంటే మన భాషలో ఈ మాట భావోద్వేగంతో కాదు, ఎరుకతో మొదలవుతుంది. ఆ ఎరుక దగ్గరే మనకు చిక్కు.

కొత్తగా కుళాయి కనెక్షన్ వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూస్తారు. నెల తిరిగేసరికి ఆ కుళాయి ఎవరి కంటికీ ఆనదు. మళ్లీ నీళ్లు రాని రోజే కనిపిస్తుంది. మనసుకున్న ఈ అలవాటు పడే గుణాన్ని ఫిలిప్ బ్రిక్‌మన్, డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1971లో ట్రెడ్‌మిల్‌తో పోల్చారు. ఎంత నడిచినా ఉన్నచోటే ఉంటాం. 1978లో బ్రిక్‌మన్ బృందం అమెరికాలో లాటరీలో పెద్ద మొత్తాలు గెలిచిన 22 మందిని పరిశీలించింది. వాళ్లు ఇతరుల కంటే చెప్పుకోదగ్గ సంతోషంతో ఏమీ లేరు. పైగా, స్నేహితుడితో కబుర్లు, ఉదయపు ఫలహారం లాంటి మామూలు విషయాల్లో వాళ్లకు దొరికే ఆనందం తగ్గింది.

దీనికి తోడు మరో గుణం ఉంది. మంచి కంటే చెడు మన మనసును బలంగా పట్టుకుంటుంది. రాయ్ బౌమైస్టర్, ఆయన సహచరులు 2001లో ఎన్నో పరిశోధనలను ఒకచోట చేర్చి ఈ సంగతి చూపించారు. పదిమంది మెచ్చుకుని ఒక్కరు దెప్పితే రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఆ ఒక్క మాటే. దీనికి పరిణామక్రమంలో కారణం వెతుక్కోవచ్చు. పొదలో పండును చూడని మనిషికి ఒక పూట ఆకలి, పామును చూడని మనిషికి ప్రాణమే పోతుంది. ప్రమాదాన్ని ముందు పసిగట్టేలా మలచిన మెదడు, ఉన్న మేలును వెనక్కి నెట్టేస్తుంది. అందుకే కృతజ్ఞత దానంతటదే పుట్టుకొస్తుందని ఎదురుచూస్తే రాదు. కంటికి నేర్పాలి.

నేర్పితే ఏమవుతుందో పరీక్షించినవాళ్లు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌కు చెందిన రాబర్ట్ ఎమ్మన్స్, ఆయన సహచరుడు మైఖేల్ మెకల్లో. 2003లో వెలువడిన వాళ్ల పరిశోధనలో విద్యార్థులను మూడు జట్లు చేశారు. ఒక జట్టు వారానికోసారి తాము కృతజ్ఞతతో తలచుకునే అయిదు విషయాలు రాయాలి. రెండో జట్టు చిరాకు పెట్టిన అయిదు విషయాలు, మూడో జట్టు ఆ వారం జరిగిన ఏవైనా అయిదు సంగతులు రాయాలి. పది వారాల తర్వాత చూస్తే మొదటి జట్టువాళ్లు తమ జీవితం పట్ల ఎక్కువ సంతృప్తితో, రాబోయే వారం మీద ఎక్కువ నమ్మకంతో ఉన్నారు. ఒంట్లో బాగోలేదన్న ఫిర్యాదులు తగ్గాయి. చిరాకులు రాసినవాళ్ల కంటే వారానికి గంటకు పైగా ఎక్కువ వ్యాయామం చేశారు. అదే పరిశోధనలో మరో భాగం నాడులకూ కండరాలకూ సంబంధించిన దీర్ఘకాల జబ్బులతో ఉన్న పెద్దల మీద జరిగింది. 21 రోజులు రోజూ రాసినవాళ్లకు నిద్ర మెరుగుపడింది. వాళ్లలో వచ్చిన మార్పును జీవిత భాగస్వాములు కూడా గమనించారు.

వాళ్ల జబ్బు తగ్గలేదు, పరిస్థితి మారలేదు. చూపు మారింది.

చూపును పదును పెట్టే ఇంకో దారి 2008లో మిన్‌క్యుంగ్ కూ బృందం చూపించింది. ఒక మేలు మన జీవితంలోకి ఎలా వచ్చిందో తలచుకోవడం కంటే, అసలు రాకపోయి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోవడం మనసును ఎక్కువగా కదిలిస్తుందని వాళ్ల ప్రయోగాల్లో తేలింది. ఆ బస్సు తప్పిపోయి ఉంటే భార్యను కలిసేవాణ్నే కాదు అనుకున్న క్షణంలో, అలవాటైపోయిన మనిషి మళ్లీ కొత్తగా కనిపిస్తుంది. కీర్తనల గ్రంథం ఇశ్రాయేలీయులకు నేర్పింది మరో దారి, పొందిన మేళ్లను మరవకుండా తలచుకోవడం. 136వ కీర్తనలో 26 వచనాలున్నాయి. సృష్టి నుంచి ఐగుప్తు విడుదల దాకా ఒక్కొక్క మేలు పేరు పెట్టి చెబుతూ, ప్రతి వచనం చివర అదే పల్లవిని తిప్పి తిప్పి పాడతారు. మరిచిపోయే గుణానికి పాట రూపంలో కట్టిన ఆనకట్ట అది.

తిరిగి రావడం

ఒకసారి చూడటం సులువు. మళ్లీ మళ్లీ చూడటానికి అలవాటు కావాలి. ఇక్కడ మిజోరం క్రైస్తవుల వంటిళ్లు మనకు మంచి పాఠం చెబుతాయి.

అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘంలో 1910లో మొదలైన ఆచారం పేరు 'బుహ్ఫాయ్ థామ్', అంటే పిడికెడు బియ్యం. అన్నం వండటానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఇంటి ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్కన పెడుతుంది. అలా పోగైన బియ్యాన్ని సంఘంలోని స్త్రీలు ఇంటింటికీ తిరిగి సేకరిస్తారు. అమ్మగా వచ్చిన డబ్బు సువార్త పనికీ సంఘసేవకూ వెళుతుంది. ఇవ్వడానికి చేతిలో డబ్బు లేని కాలంలో పుట్టిన ఈ ఆచారం వందేళ్లు దాటినా నడుస్తోంది.

అలవాట్ల శాస్త్రం దృష్టితో చూస్తే ఇది ఎంత చక్కని ఏర్పాటో అర్థమవుతుంది. కొత్త అలవాటు నిలవాలంటే దాన్ని రోజూ ఎలాగూ చేసే పనికి ముడివేయాలి. బియ్యం కొలవడం ఏ ఇల్లాలూ మరిచిపోదు. ఆ పనే గుర్తుచేసే గంట అవుతుంది. పిడికిలిలోకి బియ్యం తీసుకోవడంలో చేతికి పని ఉంది, కంటికి కొలత ఉంది. ఈ పూట ఇంట్లో బియ్యం ఉన్నాయన్న ఎరుక, అవి మరొకరికి కూడా అన్న తలపు ఒకే కదలికలో కలిసిపోతాయి.

భోజనానికి ముందు ప్రార్థన కూడా ఇలాంటి ముడే. కంచం ముందు కూర్చోవడమే సంకేతం. 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా తన 'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథంలో మనస్సాక్షి పరిశీలనకు ఒక క్రమం చెప్పాడు. అందులో మొదటి మెట్టు తప్పులు వెతుక్కోవడం కాదు, పొందిన మేళ్లకు దేవునికి కృతజ్ఞతలు చెప్పుకోవడం. తప్పుల లెక్క ఆ తర్వాతే. ముందు ప్రేమను గుర్తు తెచ్చుకున్న మనిషే తన లోపాన్ని బెదరకుండా చూడగలడు.

మన కోత పండుగను కూడా ఈ వరుసలోనే చూడాలి. తొలి పంటలో భాగంగా బియ్యం, గుమ్మడికాయలు, చెరకు గడలు, అరటి గెలలు, కోళ్లు మందిరానికి తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. సంతలో తక్కువకే దొరికే కాయను ఇక్కడ ఎన్నో రెట్లు పాడుకుని తీసుకునేవాళ్లుంటారు. అది బేరం కాదని పాడేవాళ్లకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. ఏడాదికోసారి ఊరంతా కలిసి వెనక్కి తిరిగి చూసుకునే రోజు అది.

అయితే ఎంత తరచుగా చేయాలి? 2005లో సోంజా ల్యూబోమిర్స్కీ, ఆమె సహచరులు ప్రచురించిన ఫలితం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆరు వారాల పాటు వారానికి ఒక్కసారి మేళ్లు లెక్కపెట్టుకున్నవాళ్లకు సంతోషం పెరిగింది. వారానికి మూడుసార్లు చేసినవాళ్లకు పెరగలేదు. ఎక్కువసార్లు చేస్తే అదీ మొక్కుబడిగా మారిపోతుందన్నది ఒక వివరణ. ప్రార్థనలో కూడా ఇదే జరుగుతుందని ఒప్పుకోవాలి. "ఇచ్చిన ఈ దినము కొరకు స్తోత్రం" అని నోరు తనంతట తాను అనేస్తుంటే కన్ను చూడటం మానేసిందన్నమాట. మందు ఒక్కటే, వివరంగా చెప్పడం. "అన్నిటికీ స్తోత్రం" అనే బదులు "ఈ మధ్యాహ్నం ఎండలో నడుస్తుంటే బండి ఆపి ఎక్కించుకున్న ఆ అన్న కొరకు స్తోత్రం" అంటే ప్రతిరోజూ మాట కొత్తదే అవుతుంది. మార్టిన్ సెలిగ్మన్ బృందం 2005లో పరీక్షించిన సాధనలో కూడా ఈ వివరమే కీలకం. రోజూ రాత్రి ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు, అవి ఎందుకు జరిగాయో రాయాలి. వారం రోజుల ఈ సాధన చేసినవాళ్లలో సంతోషం ఆరు నెలల తర్వాత కూడా ఎక్కువగానే ఉంది.

చెప్పడం

మనింట్లో అన్నం వడ్డించిన అమ్మకు ఎవరూ థాంక్స్ చెప్పరు. చెబితే "ఏంట్రా, పరాయిదాన్నా?" అంటుంది. ఇది మన ఒక్కరి తీరే కాదు. అయిదు ఖండాల్లోని ఎనిమిది భాషల్లో రోజువారీ సంభాషణలను రికార్డు చేసి, 2018లో సిమియన్ ఫ్లాయిడ్, నిక్ ఎన్‌ఫీల్డ్ తదితరులు ఫలితాలు ప్రచురించారు. ఇంటివాళ్లు, స్నేహితులు అడిగిన సాయం చేసినప్పుడు మాటల్లో కృతజ్ఞత చెప్పింది సుమారు ఇరవైలో ఒక్కసారే. సాయం మాత్రం అడిగినప్పుడల్లా దాదాపుగా అందుతూనే ఉంది. ఆ ఎనిమిదింటిలో తెలుగు లేదు గానీ మన వంటిల్లు అందులో కనిపిస్తుంది. దగ్గరి మనుషుల మధ్య సాయం ఊపిరిలా సాగిపోతుంది, మాట అక్కర్లేదు.

అక్కర్లేదు, నిజమే. కానీ చెప్పినప్పుడు ఏం జరుగుతుందో మనం తక్కువగా అంచనా వేస్తాం. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో జరిపిన ప్రయోగాల్లో, తమకు మేలు చేసినవాళ్లకు కృతజ్ఞతా లేఖ రాయమని కొందరిని అడిగారు. అందుకున్నవాళ్లు ఇబ్బంది పడతారేమో, మాటలు సరిగ్గా కుదరలేదేమో అని రాసినవాళ్లు జంకారు. అందుకున్నవాళ్లేమో అనుకున్నదాని కంటే చాలా ఎక్కువ ఆశ్చర్యపోయారు, సంతోషించారు. మాటల కూర్పును వాళ్లు పట్టించుకోలేదు, అందులోని వెచ్చదనాన్ని చూశారు. మన జంకు వల్ల ఆగిపోయిన ఉత్తరాలు ఎన్నో కదా!

కృతజ్ఞత ఆ ఇద్దరి దగ్గరే ఆగదు. 2006లో మోనికా బార్ట్‌లెట్, డేవిడ్ డెస్టెనో ఒక ప్రయోగం చేశారు. కంప్యూటర్ మీద విసుగు పుట్టించే పని చేస్తున్నవాళ్లకు అది పాడైపోయినట్టు కనిపించే ఏర్పాటు చేశారు. పక్కనున్న మనిషి వచ్చి సరిచేసింది. తర్వాత సాయం అవసరమైనప్పుడు, ఆ మేలు పొందినవాళ్లు ఆమెకే కాదు, ముక్కూ మొహం తెలియనివాళ్లకు కూడా ఎక్కువ సాయం చేశారు. కృతజ్ఞత వచ్చిన దారినే తిరిగి వెళ్లాలని లేదు. ముందుకు కూడా పారుతుంది.

మెదడులోనూ దీని జాడలున్నాయి. ఇండియానా విశ్వవిద్యాలయంలో కౌన్సెలింగ్ తీసుకుంటున్నవాళ్లలో కొందరి చేత కృతజ్ఞతా లేఖలు రాయించారు. మూడు నెలల తర్వాత స్కానింగ్ చేస్తే, కృతజ్ఞత కలిగిన క్షణాల్లో నుదుటి వెనక మధ్యభాగంలో ఉండే మెదడు ప్రాంతం రాయనివాళ్ల కంటే ఎక్కువ చురుగ్గా స్పందించిందని 2016లో ప్రకటించారు. ఒక్క పరిశోధన మీద పెద్ద మేడ కట్టలేం. కానీ సాధన చేసేకొద్దీ మనసు కృతజ్ఞతకు సున్నితమవుతుందన్న అనుభవానికి అది దగ్గరగా ఉంది.

మన సంఘాల్లో 'సాక్ష్యం' అనే ఆచారం ఉంది. ఆదివారం ఆరాధనలోనో, ఇంట్లో పెట్టుకున్న కృతజ్ఞతా కూడికలోనో ఒకరు లేచి నిలబడి దేవుడు చేసిన మేలును నలుగురి ముందు చెబుతారు. వారమంతా ఒకరి కింద పనిచేసి, ఎవరూ పేరు పెట్టి పిలవని కూలి మనిషి కూడా ఆ కాసేపు అందరూ వినే మనిషి అవుతుంది. ఆమె చెబుతుంటే వింటున్నవాళ్లు తమ వారాన్ని వెనక్కి తిప్పి చూసుకుంటారు. చూడటం, తిరిగి రావడం, చెప్పడం, మూడూ అక్కడ ఒక్కచోట కలుస్తాయి.

ఋణమా, కృపా?

ఇక్కడ మనకు ప్రత్యేకంగా పనికొచ్చే సంగతి ఒకటుంది. నిండు మనసుతో కృతజ్ఞత చెప్పాల్సి వచ్చినప్పుడు తెలుగువాళ్లం ఏమంటాం? "మీ ఋణం తీర్చుకోలేను" అంటాం. మన కృతజ్ఞత అప్పు భాషలో మాట్లాడుతుంది. 2006లో ఫిలిప్ వాట్కిన్స్ బృందం ఈ రెండు భావాలనూ విడదీసి చూసింది. ఇచ్చినవాడు తిరిగి ఏదో ఆశిస్తున్నాడని తెలిసేకొద్దీ పుచ్చుకున్నవాడిలో ఋణభావం పెరుగుతుంది, కృతజ్ఞత తగ్గుతుంది. రెండూ ఒకటి కావు. 2017లో అమెరికన్లనూ భారతీయులనూ పోల్చిన ఒక అధ్యయనంలో, కృతజ్ఞతా లేఖ రాసిన భారతీయులకు మంచి భావాలతో పాటు అపరాధ భావం, దిగులు కూడా కలిగాయి. అమ్మానాన్నలు పడ్డ కష్టం తలచుకుని "వాళ్లకు నేనేం చేశాను?" అని గొంతు పూడుకుపోయిన ప్రతివాళ్లకూ అదెందుకో తెలుసు.

క్రైస్తవ విశ్వాసం ఈ ముడిని విప్పే మాట ఒకటి ఇస్తుంది. అది కృప. కొత్త నిబంధన రాసిన గ్రీకులో కృపను 'ఖారిస్' అంటారు. కృతజ్ఞతా స్తుతిని 'యూఖరిస్తియా' అంటారు. రెండోదాని కడుపులో మొదటిది ఉంది. ప్రభు భోజన సంస్కారానికి తొలి క్రైస్తవులు పెట్టుకున్న పేరు కూడా ఆ రెండో మాటే. తీర్చాలనుకున్నా తీరనిది, తీర్చమని ఎవరూ అడగనిది కృప. తీర్చాల్సిన బాకీ లేదని తెలిసిన మనసు బరువుతో కాక సంతోషంతో ఇస్తుంది. మిజో ఇల్లాలు పక్కన పెట్టే పిడికెడు బియ్యం వాయిదా చెల్లింపు కాదు.

కన్నీళ్లకు చోటు

ఇంతవరకూ చెప్పినది విని కృతజ్ఞత సర్వరోగ నివారిణి అనుకోకూడదు. 2021లో డేవిడ్ క్రెగ్, జెన్నిఫర్ చీవెన్స్ 27 అధ్యయనాలను కలిపి చూసి, ఇలాంటి సాధనల వల్ల కుంగుబాటు, ఆందోళన తగ్గేది కొద్దిగానేనని తేల్చారు. కుంగుబాటుతో ఉన్న మనిషికి డాక్టరు కావాలి, మందులు కావాలి, పక్కన కూర్చునే మనిషి కావాలి. "నీకున్న మేళ్లు లెక్కపెట్టుకో" అనే సలహా అతని చెవికి నిందలా వినిపిస్తుంది. దెబ్బలు తింటున్న భార్యతోనో, జీతం ఎగ్గొట్టిన యజమాని దగ్గర పనిచేసే కూలీతోనో తృప్తిగా ఉండమనడం కృతజ్ఞత నేర్పడం కాదు, అన్యాయానికి కాపలా కాయడం.

బైబిలు ఈ మోసం చేయదు. 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా మొర పెట్టుకునేవే. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు కోరింది ప్రతి విషయంలోనూ కృతజ్ఞత చెల్లించమని. జరిగిన ప్రతి చెడుకూ థాంక్స్ చెప్పమని కాదు, ఏ పరిస్థితిలో ఉన్నా అందులో నుంచే చెప్పమని. జర్మనీలో ఐలెన్‌బుర్గ్ పట్టణ పాస్టరు మార్టిన్ రింకార్ట్ ముప్పై ఏళ్ల యుద్ధ కాలంలో జీవించాడు. 1637లో తెగులు వచ్చినప్పుడు ఆయన కొన్నిసార్లు ఒక్కరోజులోనే నలభై, యాభై మందికి అంత్యక్రియలు చేశాడు. ఆ ఏడాదే తన భార్యను కూడా పాతిపెట్టాడు. లోకమంతటా క్రైస్తవులు పాడుకునే ఒక గొప్ప కృతజ్ఞతా కీర్తన రాసింది ఆ మనిషే. ఆ పాట దుఃఖాన్ని కప్పిపుచ్చలేదు. దుఃఖానికి చివరి మాట అప్పగించలేదు.

వయసు పైబడ్డ అమెరికన్లను పరిశీలించిన నీల్ క్రౌస్ 2006లో దీనికి దగ్గరి సంగతి చెప్పాడు. పాడుబడ్డ పేటల్లో బతకడం వల్ల ఆరోగ్యం మీద పడే భారం, దేవుని పట్ల కృతజ్ఞత ఎక్కువున్నవాళ్లలో తక్కువగా కనిపించింది. కష్టం పోలేదు, దాని కాటు కాస్త మెత్తబడింది.

ఈ రాత్రి నుంచే

మొదలుపెట్టడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. రోజూ ఎలాగూ చేసే ఒక పని ఎంచుకోండి. బియ్యం కడగడం, బండి స్టార్ట్ చేయడం, దీపం ఆర్పడం, ఏదైనా సరే. దానికి ఒక్క మేలును ముడివేయండి. మేలును వివరంతో, మనిషి పేరుతో తలచుకోండి. ఏమీ తోచని రోజు, ఉన్నదాంట్లో ఒకటి లేకపోతే ఎలా ఉండేదో ఊహించుకోండి. ఏడుపొచ్చిన రోజు ముందు ఏడవండి, అది కూడా ప్రార్థనే. ఎన్నాళ్లుగానో చెప్పాలనుకుంటున్న మాట ఒకటి మీ దగ్గర ఉండే ఉంటుంది. చిన్నప్పుడు ఫీజు కట్టిన మాస్టారికో, కాన్పు రాత్రి తోడున్న పక్కింటి అత్తకో. ఈ వారమే ఫోన్ చేయండి. మాటలు కుదరవేమోనన్న జంకు వద్దు.

తొమ్మిదిమందికి కొత్త చర్మం దక్కింది. వాళ్లు ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లి ఉంటారు, కొన్నాళ్లకు ఆ చర్మానికి అలవాటు పడిపోయి ఉంటారు. పదోవాడికి అదే చర్మంతో పాటు, దాన్నిచ్చిన ముఖం కూడా దక్కింది. ఊరికి దూరంగా నిలబడి కేకలు పెట్టిన మనిషి, ఇప్పుడు పాదాలు తాకేంత దగ్గరికి వచ్చాడు.